కిఫాయతీ బండి

ఉర్దూలో ‘కిఫాయత్’ అనే మాట ఒకటి ఉన్నది. తెలుగులో పొదుపు అని, మితవ్యయమని దానికి అర్థం చెప్పుకుంటాము. ఆ మాట అరబ్బీ నుండి వచ్చింది. అక్కడ దాని ధాతువుకు ‘చాలడం’ అని అర్థం. చేతిలో ఉన్నది ఈ పనికి చాలునా, చాలదా అని చూచుకొనడమే దానికి పునాది. మా ఇంట్లో ఈ మాటను అందరికంటె ఎక్కువగా వాడినవారు మా నాన్నగారు. వారు దానిని ఎక్కువగా వాడినది ఒక కారును గురించి. ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి 2004 లో పదవీ విరమణ చేసినప్పుడు, ప్రావిడెంటు ఫండు సొమ్ములో కొంత తీసి, అప్పటికి ఏడేండ్లు నడిచిన ఒక తెల్లని మారుతి 800 కారును కొన్నారు. ‘కిఫాయతీ బండి’ అని దానికి పేరు పెట్టారు. 1997 జూలైలో కర్నూలులో రిజిస్టరు అయిన ఆ బండి ఇప్పుడు నా పేరున ఉన్నది. మన కళాశాల ఆవరణలో వేపచెట్టు నీడన దానిని చూచి, “ఇంకా ఎన్నాళ్లు సార్?” అని అడిగే విద్యార్థులకు నిలబడి రెండు ముక్కలలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. సంపాదకవర్గం వారు వ్యాసమడిగారు గనుక ఆ సమాధానాన్ని ఇక్కడ సావకాశంగా వ్రాస్తున్నాను.

చిన్న కారు అనగానే, పెద్ద కారు కొనలేనివారి కొరకు ఎవరో దయతలచి చేసిన వస్తువని చాలామంది అభిప్రాయం. దాని పుట్టుకలో దయ కంటె చమురు కరవు పాలు ఎక్కువ. 1956 లో సూయజ్ కాలువ మూతపడి ఐరోపాకు చమురు రాక తగ్గినప్పుడు, ఆ సంవత్సరాంతాన బ్రిటనులో పెట్రోలుకు రేషను పెట్టవలసి వచ్చింది. ఆ ఇబ్బందిలో ఆలోచన మొదలై 1959 లో ‘మినీ’ అనే కారు వెలువడింది. దాని రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్ ఇంజనును అడ్డంగా కూర్చి, శక్తిని ముందు చక్రాలకే ఇచ్చాడు. యంత్రం ఒక మూలకు ఒదిగింది. మిగిలిన చోటు మనుషులకు దక్కింది. జపానులో ప్రభుత్వమే చిన్న కార్లకు ఒక ప్రత్యేక తరగతి ఏర్పరచి, వాటికి పన్నులలో రాయితీలు ఇచ్చింది. ఆ తరగతి ఇంజను చాలాకాలం 360 ఘన సెంటీమీటర్లకు మించరాదు. 1976 నుండి 550 వరకు అనుమతించారు. అటువంటి సుజుకి చిన్న కారులో 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను అమర్చగా మనకు మారుతి 800 వచ్చింది. 1983 డిసెంబరు 14 న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కొనుగోలుదారుకు తాళపు చెవులు అందజేశారు. అంతవరకు మన రోడ్ల మీద కారు అంటే అంబాసిడర్, లేదా ఫియట్. 1986 లో మారుతి రూపం మారింది. మా బండి ఆ రెండవ రూపానిది. 2010 లో కొత్త కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాలలో దాని అమ్మకం నిలిచింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అప్పటికి దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడయినవి. ఈనాటికీ విడిభాగాలు బజారులో దొరకడానికి, ఏ ఊరి షెడ్డులోనైనా దీని ఒళ్లు తెలిసిన మనిషి ఉండడానికి ఆ సంఖ్యే కారణం.

నేను భౌతికశాస్త్రం చెప్పేవాడిని గనుక దీని పొదుపు రహస్యాన్ని విద్యార్థులకు చెప్పకుండా ఉండలేను. రహస్యమేమీ లేదు. బండి బరువు సుమారు 650 కిలోలు. నలుగురు కూర్చుంటే మనుషుల బరువు బండి బరువులో మూడవ వంతుకు పైగా అవుతుంది. అంటే కాల్చిన పెట్రోలులో చెప్పుకోదగిన భాగం మనుషులను మోయడానికే ఖర్చవుతున్నది. టన్నున్నర బరువు గల కారులో ఒక్క మనిషి పోతుంటే, ఇనుము తన్ను తాను మోసుకొనడానికి చమురు తాగుతున్నదన్న మాట. ఇక గాలి. వేగం రెండింతలయితే గాలి నిరోధం నాలుగింతలు అవుతుంది. గంటకు 50 కిలోమీటర్లలో పోయే బండిని 100 లో తోలితే ఇంజనుకు ఎదురయ్యే గాలి బలం నాలుగురెట్లు. మా బండి గేర్లు నాలుగే. 80 దాటగానే కిటికీ అద్దాల మోతతో అది తన అభ్యంతరం తెలుపుతుంది. ఆ మోతను వినేవారికి పెట్రోలు మిగులుతుంది.

నాన్నగారికి ఈ సూత్రాలు పుస్తకం ద్వారా గాక ఒక నోటుపుస్తకం ద్వారా బోధపడినవి. దానిని వారే తయారు చేశారు. ఉర్దూ లిపిలో, కుడి నుండి ఎడమకు, ఐదు గడులు: తేదీ, మీటరు అంకె, లీటర్లు, రూపాయలు, ఆ పిమ్మట ‘కైఫియత్’ అని ఒక వెడల్పాటి గడి. పెట్రోలు బంకులో ఎప్పుడూ టాంకు నిండుగానే పోయించేవారు. ముప్పయి లీటర్లు కూడా పట్టని టాంకు అది. నిండు టాంకు నుండి మరల నిండు టాంకు వరకు నడిచిన దూరాన్ని, రెండవసారి పోయించిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే నిజమైన లెక్క. నూరు రూపాయలకు పోయించుకొని, ముల్లు చూచి అంచనా కట్టేవారిని వారు లెక్కలు రానివారి క్రింద జమకట్టేవారు.

పట్టణంలో 16, బాటమీద 19 నుండి 20. ఇది ఆ పుస్తకం సగటున చెప్పే అంకె. అయితే అందులో విలువ గలది సగటు కాదు. అంకె తప్పిన చోట్ల ‘కైఫియత్’ గడిలో వారు వ్రాసిన మాటలు. ఒకచోట 13 కు పడిపోయింది. ప్రక్కన ‘వెనుక ఎడమ చక్రం వేడి’ అని ఉన్నది. బండి దిగగానే నాలుగు చక్రాల నడుమ అరచేయి ఆనించి చూడడం వారికి అలవాటు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతున్నదంటే, ఆ చక్రంలో బ్రేకు వదలకుండా రాచుకొంటున్నదని అర్థం. ఇంజను ముందుకు లాగుతుంటే బ్రేకు వెనుకకు పట్టుకొని ఉంటుంది. ఆ తగాదా ఖర్చును బంకులో మనం చెల్లిస్తాము. మరొకచోట 14, ‘చోక్ పూర్తిగా లోపలికి పోలేదు’. డిసెంబరు తెల్లవారుజామున కార్బురేటరు బండికి చోక్ లాగక తప్పదు. చల్లని ఇంజనుకు చిక్కని మిశ్రమం కావాలి. వేడెక్కిన తరువాత కూడా అదే చిక్కదనం ఉంటే పెట్రోలు మండకుండా పొగగొట్టం దారిన పోతుంది. ఇంకొకచోట ఎర్రటి ధూళితో మూసుకొనిపోయిన గాలి జల్లెడ. ఒక పేజీలో వరుసగా మూడుసార్లు 20 దాటింది. గడిలో ఒకే మాట: ‘టైర్లలో గాలి’. ప్రతి ఆదివారం ప్రొద్దున గాలి చూపించినందుకు ఆ నెల బండి ఇచ్చిన బహుమానం అది. నా అభిప్రాయంలో ఈ పుస్తకం మన ప్రయోగశాలలో ఉంచదగినది. అయితే దానిని ఇవ్వడానికి మా అమ్మగారు ఒప్పుకోరు.

2009 అక్టోబరు 2 న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాత పట్టణాన్ని ముంచివేసినవి. ఆ దినం గురించి మన ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. ఇప్పటి విద్యార్థులలో చాలామంది అప్పటికి మాటలు నేర్చి ఉండరు. మేము బంధువుల మిద్దె మీదికి చేరుకున్నాము. బండి ఇంటిముందు సందులోనే ఉండిపోయింది. నీరు తీసిన తరువాత వచ్చి చూస్తే సీట్ల మీద జానెడు బురద, అద్దాల లోపలివైపున గడ్డిపరకలు. నోటుపుస్తకం మాత్రం నాన్నగారి చొక్కా జేబులో భద్రంగా ఉన్నది. బండికి ఉన్నది ఎదుటివారి నష్టానికి వర్తించే బీమా మాత్రమే. మాకు పైసా వచ్చేది కాదు. పాత ఇనుము కొనే వ్యాపారి ఒకరు ఎనిమిది వేలు ఇస్తానన్నారు.

బళ్లారి చౌరస్తా దగ్గర షెడ్డు నడిపే ఉస్తాద్‌కు కబురు చేశాము. ఆయన షెడ్డు కూడా తడిసింది. అయినా నాలుగవ రోజున సైకిలు మీద వచ్చి, తలుపు తెరిచి చూచి, “మాస్టర్ సాబ్, తాళం త్రిప్పలేదు గదా?” అని అడిగారు. లేదన్నారు నాన్నగారు. “అయితే బ్రతికిస్తాను” అన్నారు. ఆ ప్రశ్నకు కారణమున్నది. సిలిండరులో నీరు నిలిచి ఉండగా ఇంజను త్రిప్పితే, గాలివలె నీరు అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఉస్తాద్ మొదట ప్లగ్గులు మూడూ ఊడదీసి, ఇంజనును చేతితో త్రిప్పించారు. మూడు రంధ్రాల నుండి బురదనీరు చిమ్మింది. పాలు కలిపిన టీ రంగులో ఉన్న ఇంజనాయిలును దింపి, కొత్తది పోసి, అది కూడా రంగు మారగా మరల దింపివేశారు. కార్బురేటరును ముక్కలు ముక్కలుగా విప్పి పెట్రోలులో కడిగారు. డిస్ట్రిబ్యూటరు మూతను ఎండలో ఆరబెట్టి, తీగలను ఒక్కొక్కటిగా బల్బుతో పరీక్షించారు. సీట్లు మా మిద్దె మీద పదిహేను రోజులు ఎండినవి. ఇరవై రెండవ రోజున బండి పలికింది. మొత్తం ఖర్చు 11,400 రూపాయలు. ‘కైఫియత్’ గడిలో ఆ అంకె ప్రక్కన ‘తూఫాన్’ అని మాత్రం ఉన్నది.

ఈ సంగతిని నేను వీరగాథగా చెప్పడం లేదు. విప్పి చూడగలిగిన యంత్రం, విప్పడం తెలిసిన మనిషి, ఆ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండడం పెట్రోలు పొదుపు కంటె పెద్ద పొదుపు. ఇప్పటి కార్లలో ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టెలు ఉంటాయి. వాటి వలన ఇంజను శుభ్రంగా మండుతుంది. ఆ మేలును క్రింద మరల చెబుతాను. అయితే అవి మునిగితే కడిగి ఆరబెట్టేవి కావు.

నాన్నగారు 2016 లో కాలధర్మం చెందిన తరువాత బండితోపాటు పుస్తకం నా చేతికి వచ్చింది. నేను తెలుగు అంకెలకు గాని ఉర్దూ అంకెలకు గాని పోకుండా మామూలు అంకెలు వేస్తున్నాను. 2023 ఫిబ్రవరి నుండి నూటికి 20 వంతులు ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతటా అదే సామాన్యమయింది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటె సుమారు మూడవ వంతు శక్తి తక్కువ. కనుక ఇరవై శాతం కలిపితే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గాలి. పుస్తకంలో 16 కాస్తా 15 అయింది, లెక్క సరిపోయింది. కొత్త కార్లు ఈ మిశ్రమానికి అనుగుణంగానే చేయబడుతున్నవి. మా కార్బురేటరుకు తాను ఏమి తాగుతున్నదో తెలుసుకొనే ఉపాయం లేదు. పాత రబ్బరు గొట్టాలకు ఇథనాల్ పడదు. ఉస్తాద్ వాటిని మార్చారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది గనుక వేసవి సెలవులలో టాంకులో పాత పెట్రోలు ఉంచి బండిని నెలల తరబడి నిలుపరాదు. చెరకు, మొక్కజొన్న పండించే రైతుకు, విదేశీ మారకానికి దీనివలన మేలున్నదని ప్రభుత్వం చెప్పే వాదాన్ని నేను త్రోసివేయను. పాత బండి గలవారికి మాత్రం ఆ మేలు ఖర్చులో కొంత భాగం వచ్చింది.

ఇక రూపాయల లెక్క. మిత్రులు, ముఖ్యంగా మా తమ్ముడు, “లీటరుకు 20 పైన ఇచ్చే కొత్త బండి కొనక, ఈ డబ్బా మీద ఎందుకు తగలేస్తావు?” అంటారు. నేను ఏటా 4,000 కిలోమీటర్లకు మించి తిరగను. లీటరుకు 15 చొప్పున 267 లీటర్లు. కొత్త బండి 20 ఇస్తే 200 లీటర్లు. మిగిలేది 67 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకొన్నా ఏడు వేల పైచిలుకు. షెడ్డు ఖర్చు ఏటా పన్నెండు నుండి పదిహేను వేలు. రెండూ కలిపినా ఇరవై మూడు వేలు దాటవు. ఐదు లక్షల అప్పుకు నూటికి 9 చొప్పున మొదటి ఏటి వడ్డీయే 45,000. దీనిని బట్టి పాత బండి ఎల్లప్పుడూ చవక అని ఎవరూ తీర్మానించరాదు. రోజుకు అరవై కిలోమీటర్లు పోయి ఉద్యోగం చేసివచ్చే అధ్యాపకునికి ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లవుతాయి. ఆయనకు పెట్రోలులోనే ముప్పయి ఆరు వేలు తేడా వస్తుంది. షెడ్డు ఖర్చు కూడా తిరిగిన కొద్దీ పెరుగుతుంది. తక్కువ తిరిగేవారికే ఈ బండి కిఫాయతీ.

బాట విషయం త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అందులో వాదానికి తావు లేదు. మా బండిలో గాలిసంచులు లేవు. డ్రైవరు ముందు గాలిసంచి ఉండాలన్న నిబంధన మన దేశంలో 2019 జూలైలో గాని రాలేదు. తలుపు రేకు పలుచన. తేలికదనమే దాని పొదుపు, తేలికదనమే దాని బలహీనత. 44 వ నంబరు జాతీయ రహదారి మీద లారీల నడుమ మా పిల్లలను కూర్చోబెట్టుకొని దానిని తోలడం 2018 లో మానివేశాను. హైదరాబాదుకు బస్సులోనో రైలులోనో పోతాము.

మిగిలినది పొగ. నన్ను నిజంగా నిలదీసిన ప్రశ్న ఇదే. దానిని అడిగినది రసాయనశాస్త్రంలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి. తాతగారి పుస్తకాన్ని ఒక సాయంత్రం ఆసాంతం తిరగవేసి, “అబ్బా, బండిలో కూర్చున్నవాళ్ల లెక్క అంతా ఇందులో ఉంది. బండి వెనక నిలబడ్డవాళ్ల లెక్క ఏ గడిలో ఉంది?” అన్నది.

పొగలో రెండు తెగలున్నవి. ఒకటి బొగ్గుపులుసు వాయువు. అది కాలిన చమురును బట్టి ఉంటుంది. లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు. మా బండి ఏడాదికి విడిచేది ఆరు క్వింటాళ్ల పైమాట. కొత్త కారు ఒకటి తయారు కావడానికే కొన్ని టన్నులు వెలువడతాయి గనుక ఈ తెగలో మా బండికి తల వంచుకోవలసిన పని లేదు. రెండవ తెగ వేరు. సగం మండిన కార్బన్ మోనాక్సైడు, అసలు మండని పెట్రోలు ఆవిరి ఎంత చమురు కాలిందన్న దానికంటె ఎలా కాలిందన్న దానిని బట్టి ఉంటాయి. వీటిని శుద్ధి చేసే ఉత్ప్రేరక పరికరాన్ని 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో అమ్మే కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. కర్నూలులో రిజిస్టరు అయిన మా బండికి అది లేదు. కాలుష్య పరీక్షలో మా బండివంటి పాతవాటికి కార్బన్ మోనాక్సైడు నూటికి 3 వంతుల వరకు అనుమతి. భారత్ స్టేజి 2 తరువాతి కార్లకు అర వంతుకు మించరాదు. మాకు ఏనాడూ సర్టిఫికెట్ రాకపోలేదు. కాని ఉత్తీర్ణతకు 3 వంతులు చాలునని ప్రభుత్వం అన్నంత మాత్రాన, సాయంత్రం నాలుగు గంటలకు కళాశాల ద్వారం దగ్గర మా బండి వెనుక సైకిళ్లు పట్టుకొని నిలబడిన పిల్లల ఊపిరికి అది చాలునని అర్థం కాదు. తక్కువ తాగే బండి తక్కువ పొగ విడుస్తుందన్నది మొదటి తెగకు నిజం, రెండవ తెగకు కాదు.

అమ్మాయి పుస్తకంలో ఆరవ గడి గీసింది. ఆరు నెలలకొకసారి పరీక్షలో వచ్చే కార్బన్ మోనాక్సైడు అంకె అందులో పడుతున్నది. మొదటి అంకె 1.9. మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. బండి రిజిస్ట్రేషను 2012 లోను, 2017 లోను, 2022 లోను, ఐదేసి సంవత్సరాలకు పొడిగింపబడింది. 2022 లో అందుకు రుసుము 5,000. ఇరవై ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేశారు. 2027 జూలైలో మరల గడువు తీరుతుంది. అప్పటికి అంకె 1 లోపునకు దిగి, అక్కడ నిలిస్తే పదివేలు కడతాను. లేకుంటే బండిని ప్రభుత్వ గుర్తింపు గల తుక్కు కేంద్రానికి అప్పగిస్తాము. వారిచ్చే పత్రం మీద కొత్త బండికి రోడ్డు పన్నులో నూటికి 25 వంతుల వరకు రాయితీకి అవకాశమున్నది. నాన్నగారు ఉంటే దీనికి ఏమనేవారో నేను ఊహించబోను. వారు లెక్క తప్పినప్పుడు బండి పక్షం వహించిన దాఖలా ఆ పుస్తకంలో లేదు.

ఉస్తాద్‌కు ఇప్పుడు కన్ను సరిగా ఆనదు. కార్బురేటరు స్క్రూలను చెవితో సరిచేస్తారు. ఇథనాల్ వలన మిశ్రమం ఎలాగూ పలుచనయింది గనుక అంకె కొంత దానంతటదే దిగింది; ఈ విషయంలో కొత్త పెట్రోలుకు కృతజ్ఞత చెప్పాలి. మొన్న ఆయన పావు చుట్టు బిగించిన తరువాత పరీక్షకు తీసుకొనిపోతే 1.2 వచ్చింది. మరొక పావు చుట్టు బిగించమని అమ్మాయి అడిగింది. “బిగిస్తానమ్మా. అయితే సిగ్నలు దగ్గర ఆగిపోతుంది, వెనకవాళ్లు హారన్లు కొడతారు” అన్నారు. మిశ్రమం మరీ పలుచనయితే మండకుండా పోయే ఆవిరి ఎక్కువవుతుందన్న సంగతి వారిద్దరికీ తెలుసు. కనుక ముందు ప్లగ్గులు, గాలి జల్లెడ మార్చి చూడాలని నిర్ణయించారు. వచ్చే పరీక్ష డిసెంబరులో ఉన్నది.